‘టోక్యో స్టోరీ’లో తప్పెవరిది?

కిందటి ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు, జపాన్ సినిమా అంటే సమురాయ్‌లేనా, కత్తులు లేని సినిమా ఒక్కటీ లేదా అని. ఉందండి. అందులో కత్తి లేదు, పాట లేదు, గట్టిగా అరిచే మనిషి కూడా లేడు. ‘టోక్యో స్టోరీ’. దర్శకుడు యాసుజిరో ఓజు. 1953 నవంబరు 3న జపాన్‌లో విడుదలైంది. మన లెక్కలో చెప్పాలంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి నెల రోజులు. కర్నూల్లో గుడారాలు వేసుకుని ఆఫీసులు నడుపుతున్న రోజులు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ ఎపిసోడ్‌లో కథ మొత్తం చెప్పేస్తున్నాను. ఈ సినిమాలో కథ తెలిసిపోతే పోయేదేమీ లేదు. ఇంకో సంగతి, దీన్ని మాదాపూర్‌లో మా ఫ్లాట్‌లో రెండో బెడ్‌రూంలో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. ఈ గది సంగతి తర్వాత వస్తుంది.

కథ చాలా చిన్నది. ఒనోమిచి అని సముద్రం ఒడ్డున చిన్న ఊరు. హిరోషిమా ఉన్న జిల్లాలోనే. అక్కడ షుకిచి, తోమి అనే ముసలి దంపతులు. పెద్దకొడుకు టోక్యోలో పిల్లల డాక్టరు. పెద్దకూతురు షిగే అక్కడే బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఇంకో కొడుకు ఒసాకాలో రైల్వే ఉద్యోగి. చిన్నకూతురు క్యోకో పెళ్ళి కాలేదు, ఇంట్లోనే ఉంటూ బళ్ళో పాఠాలు చెబుతుంది. నడిమి కొడుకు యుద్ధంలో పోయాడు, పోయి ఎనిమిదేళ్ళు. అతని భార్య నోరికో టోక్యోలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఈ పెద్దవాళ్ళిద్దరూ రైలెక్కి పిల్లల్ని చూడ్డానికి టోక్యో వెళ్తారు. పిల్లలకి తీరిక ఉండదు. తిరిగొస్తారు. వచ్చిన కొద్ది రోజులకే తల్లి పోతుంది. అంతే.

ఈ మాట వినగానే మనకి బుర్రలో ఒక సినిమా తయారైపోతుందండీ. కృతజ్ఞత లేని కొడుకు, నోరున్న కోడలు, గుమ్మం దగ్గర సంచి పట్టుకుని నిలబడ్డ తల్లిదండ్రులు. ఓజు సినిమా అది కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

జపాన్‌లో 1898లో ఒక సివిల్ కోడ్ వచ్చింది. దాని ప్రకారం కుటుంబానికి ఒక యజమాని ఉంటాడు. ఆయన తర్వాత మామూలుగా పెద్దకొడుకు. ఆస్తి అంతా అతనికే. దాంతోపాటు అమ్మానాన్నల బాధ్యతా అతనిదే. తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఆ ఆస్తిలో వాటా లేదు. కోడలు ఆ ఇంటి మనిషి, ఆ ఇంటి పేరు మీద నమోదైన మనిషి. న్యాయమా కాదా అనేది పక్కన పెట్టండి, ముసలితనంలో ఎవరింట్లో ఉండాలన్న ప్రశ్నకి మాత్రం అక్కడ ముందే జవాబు రాసి ఉంది.

యుద్ధంలో ఓడిపోయాక, అమెరికా ఆక్రమణలో ఉండగా, 1947లో ఆ కోడ్‌ని తిరగరాశారు. 1948 జనవరి 1 నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది. కుటుంబ యజమాని అనే పదవే పోయింది. పిల్లలందరికీ సమాన వాటా. తల్లిదండ్రుల్ని చూసుకునే బాధ్యత కూడా పిల్లలందరిదీ. వినడానికి ఎంత బావుంది! అందరిదీ అయిన పని ఎవరు చేస్తారో మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

సినిమా తీసేనాటికి ఈ చట్టం వయసు ఐదేళ్ళు. అంటే ఆ తల్లిదండ్రులు పాత చట్టంలో పెళ్ళి చేసుకుని, పాత చట్టంలో పిల్లల్ని కని, కొత్త చట్టంలో ముసలివాళ్ళయ్యారన్నమాట. సినిమాలో ఎక్కడా ఈ చట్టం ప్రస్తావన రాదు. కానీ డాక్టరు కొడుకు ఇంటి నుంచి షిగే ఇంటికి, అక్కడి నుంచి అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి, మళ్ళీ షిగే ఇంటికి, ఆ తర్వాత తల్లి ఒకచోట, తండ్రి ఇంకోచోట... ఆ తిరుగుడు చూస్తే ఐదేళ్ళ కిందట కాగితం మీద జరిగిన మార్పు ఒక ఇంట్లో ఎలా ఉంటుందో తెలుస్తుంది.

డాక్టరు కొడుకు ఇల్లు చూడండి. మా అబ్బాయి టోక్యోలో డాక్టరు అని ఊళ్ళో గొప్పగా చెప్పుకుని ఉంటారు. తీరా వస్తే అది ఊరి చివర, పక్కన ఫ్యాక్టరీ పొగ గొట్టాలు. ఇంట్లోనే క్లినిక్. తాత, నాయనమ్మ వస్తున్నారని పిల్లవాడి బల్లని గదిలోంచి జరుపుతారు. వాడు నా పరీక్షలకి ఎక్కడ చదువుకోవాలని గొడవ చేస్తాడు. ఆదివారం ఊరు చూపించడానికి అందరూ తయారై నిలబడతారు. సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి, మా పిల్లాడికి జ్వరం తగ్గలేదు డాక్టరుగారూ అంటారు. కొడుకు వెళ్ళాల్సిందే. మీరు చెప్పండి, ఇందులో అతని తప్పేముంది?

షిగే విషయంలో మాత్రం చూసేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. మొగుడు అత్తమామల కోసం ఖరీదైన మిఠాయి తెస్తే, వాళ్ళకి ఇంతవి ఎందుకు అంటుంది. వాళ్ళెవరని పార్లర్‌లో అడిగితే ఊళ్ళో తెలిసినవాళ్ళు అని చెప్పేస్తుంది. తల్లి అంత్యక్రియల తర్వాత భోజనాల దగ్గరే, అమ్మ బట్టల్లో ఫలానాది నాకు కావాలంటుంది. కానీ ఓజు ఇక్కడ ఒక చిన్న మేకు దిగ్గొట్టాడు. ఒక రాత్రి తండ్రి పాత స్నేహితులతో తాగి తూలుతూ ఇంటికొస్తాడు. అప్పుడు షిగే గొణుగుడు వినండి. చిన్నకూతురు పుట్టేవరకూ ఈయన ఇలాగే తాగొచ్చేవాడట. మనం అప్పటిదాకా ఋషిలాగా చూస్తున్న ఆ పెద్దాయనకి ఒక గతం ఉంది. ఆ గతంలో ఒక చిన్నపిల్ల తలుపు తీసి ఉంటుంది. షిగే కటువుతనం ఆకాశంలోంచి ఊడిపడలేదు.

ఇక నోరికో. నా లెక్కలో సినిమాకి గుండెకాయ ఆవిడే. సెత్సుకో హారా వేసింది. సెలవు పెట్టి అత్తమామల్ని బస్సులో ఊరంతా తిప్పేది ఆవిడ. ఒకే ఒక్క గది ఇల్లు, గోడ మీద మొగుడి ఫొటో. మామగారికి పోయడానికి సారా లేక పక్కింట్లో అడిగి తెస్తుంది. తల్లిని ఆ రాత్రి తన గదిలో పడుకోబెట్టుకుని, పొద్దున్న ఖర్చులకి ఉంచుకోమని చేతిలో డబ్బు పెడుతుంది.

ఆవిడ చేతిలో ఆ డబ్బు విలువ తెలియాలంటే ఇంకో చట్టం చెప్పాలి. 1946లో ఆక్రమణ అధికారులు సైనిక పెన్షన్లు ఆపేశారు. దేశం కోసం చచ్చాడన్న మనిషి భార్యకి ఒక్కసారిగా ఏమీ లేదు. 1952లో ఆక్రమణ ముగిశాక యుద్ధ మృతుల కుటుంబాలకి సహాయ చట్టం వచ్చింది. పాత పెన్షన్లు తిరిగి మొదలైంది 1953లో, అంటే ఈ సినిమా తీస్తున్న ఏడాదే. మధ్యలో ఆ ఏళ్ళన్నీ లక్షలాది విధవలు సొంత రెక్కల మీద బతికారు. నోరికో వాళ్ళలో ఒకతె. 1953లో హాల్లో కూర్చున్న జపాన్ ప్రేక్షకుడికి ఇదెవరూ వివరించనక్కర్లేదు. పక్క సీట్లోనే ఒక నోరికో ఉండి ఉంటుంది.

కొత్త కోడ్‌లో ఇంకో సెక్షన్ ఉంది. భర్త పోయిన స్త్రీ కావాలనుకుంటే ఒక కాగితం దాఖలు చేసి అత్తింటితో బంధుత్వం చట్టపరంగా తెంచుకోవచ్చు. అంటే నోరికోకి ఈ ముసలివాళ్ళు ఏమీ కారు, ఆవిడ కానివ్వాలనుకుంటే తప్ప. సొంత పిల్లలకి చట్టం ఉంది, రక్తం ఉంది. వాళ్ళకి తీరిక లేదు. ఏమీ కాని మనిషికి తీరిక దొరికింది.

అలాగని ఆవిణ్ణి దేవతని చెయ్యలేదండీ ఓజు. చివర్లో మామగారు, నువ్వు మంచిదానివమ్మా, మా అబ్బాయిని మర్చిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకో అంటాడు. మన దగ్గర 1881లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎంత గొడవైందో తెలుసు కదా. ఇక్కడ ఆ మాట అంటున్నది అత్తింటివాళ్ళే. దానికి నోరికో జవాబు, నేను మీరనుకునేంత మంచిదాన్ని కాదు, ఆయన గుర్తురాని రోజులు కూడా ఉంటున్నాయి అని. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మొహం అక్కడ పగిలిపోతుంది. మామగారు భార్య గడియారం తెచ్చి ఆవిడకిస్తాడు.

ఒక చిన్న పక్కదారి. ఆ ముసలి తండ్రి వేసిన చిషూ ర్యూకి అప్పుడు 49 ఏళ్ళు. భార్యగా వేసినావిడ ఆయన కంటే దాదాపు పద్నాలుగేళ్ళు పెద్ద. కూతురు షిగేగా వేసిన హారుకో సుగిమురా ఆయన కంటే ఐదేళ్ళే చిన్న. మీరు మళ్ళీ చూసేటప్పుడు ఆయన నడుము చూడండి, ఆ వంగడం అంతా నటనే.

49 అన్న అంకె ఎందుకు పట్టుకున్నానంటే, మన దగ్గర కూడా ఒకాయన సరిగ్గా 49 ఏళ్ళ వయసులో రిటైరైన తండ్రిగా వేశాడు. ‘బడిపంతులు’, 1972, ఎన్.టి. రామారావుగారు. పక్కన అంజలీదేవిగారు. దర్శకుడు పి. చంద్రశేఖర రెడ్డి. కన్నడంలో బి.ఆర్. పంతులు 1958లో తీసిన ‘స్కూల్ మాస్టర్’కి ఇది తెలుగు రూపం. అందులోనూ అదే ప్రశ్న. ఉద్యోగం అయిపోయిన పంతులు, ఆయన భార్య, ఎవరు ఎవరి దగ్గర ఉండాలి? భార్యాభర్తల్ని విడదీసి కొడుకులు పంచుకుంటారు. ఇంకా వెనక్కి వెళ్తే 1937లో హాలీవుడ్‌లో లియో మెక్‌కేరీ తీసిన ‘మేక్ వే ఫర్ టుమారో’లో కూడా ముసలి దంపతుల్ని ఇలాగే విడదీస్తారు. ఓజుతో కలిసి స్క్రిప్టు రాసిన కోగో నోడా ఆ అమెరికా సినిమా చూశాడు. అమెరికాలో మాంద్యం, జపాన్‌లో ఓటమి, మన దగ్గర నెల జీతాల మధ్యతరగతి. మూడు చోట్లా ఇంట్లో ముసలివాళ్ళకి గది చాల్లేదు.

తేడా ఎక్కడంటే, మన సినిమాకి తీర్పు కావాలి. కంట నీరు పెట్టించాక ఎవరో ఒకరు తప్పు చేసినట్టు తేలాలి, చివర్లో ఒకప్పుడు చదువు చెప్పిన శిష్యుడు వచ్చి ఆదుకోవాలి. నేను ‘బడిపంతులు’ని తక్కువ చెయ్యట్లేదు. మా నాన్నగారు టీవీలో ఎప్పుడొచ్చినా లేచేవారు కాదు. ఆయనా ఉపాధ్యాయుడే మరి. కానీ మన కుటుంబ కథా చిత్రాలన్నీ ఒక వరసలో పెట్టి చూడండి. సూర్యకాంతంగారి రోజుల్లో తప్పంతా గయ్యాళి అత్తది. అత్త ముసలిదై జాలి పాత్ర అయ్యేసరికి తప్పంతా గయ్యాళి కోడలిది. మధ్యలో మగవాడు అయితే అమాయకుడు, కాకపోతే పెళ్ళాం మాట విని చెడిపోయినవాడు. అతను తనంతట తాను ఒక నిర్ణయం తీసుకుని అమ్మానాన్నల్ని పక్కన పెట్టాడని మన తెర చెప్పడం చాలా అరుదు.

చట్టాలు మాత్రం మన దగ్గరా మారాయి. ముఖ్యమంత్రి అయ్యాక రామారావుగారి ప్రభుత్వమే 1986లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, పెళ్ళికాని ఆడపిల్లలకి పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. (బడిపంతులుగా రిటైర్మెంటు కష్టాలు చూపించిన ఆయనే 1983లో ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించడం, తర్వాత మళ్ళీ 58 అవడం వేరే కథ. నాన్నగారి ముందు ఆ టాపిక్ తెస్తే సాయంత్రం అయిపోయేది.) ఇక 2007లో కేంద్రం తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం తెచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, నెలకి పదివేల దాకా ఇప్పించొచ్చు. ఆ చట్టంలో ‘పిల్లలు’ అంటే ఎవరో రాసి ఉంది. కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు అందులో లేదు. ఈ సంగతి మన సినిమాలకీ తెలియదు, మన చుట్టాలకీ తెలియదు.

ఇప్పుడు ఈ గది సంగతి.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. అంతకుముందు ఇక్కడ బండరాళ్ళు. ఆ తర్వాత పాతికేళ్ళలో వచ్చిన మాలాంటివాళ్ళందరిదీ ఒకటే కథ. తెనాలి, కరీంనగర్, అనంతపురం, ఎక్కడో ఒక ఒనోమిచి. మా అబ్బాయి హైటెక్ సిటీలో చేస్తాడు అని అక్కడ ఒక మాట. తీరా వచ్చి చూస్తే అయ్యప్ప సొసైటీలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్, కిటికీ తీస్తే పక్క హాస్టల్ గోడ. మా నాన్నగారు వచ్చిన మొదటిరోజు బాల్కనీలో నిలబడి, సముద్రం ఎటువైపురా అన్నారు. జోక్ అనుకున్నాను. వెలుతురు ఎటునుంచి వస్తుందని అడుగుతున్నారని తర్వాత అర్థమైంది.

అమ్మానాన్నా పదిహేను రోజులుందామని వచ్చారు. ఈ గది మా అమ్మాయిది. దాని టేబుల్ హాల్లోకి జరిపాం, అది మూతి ముడుచుకుంది. నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది. ఆదివారం శిల్పారామం తీసుకెళ్తానని చెప్పి, తొమ్మిదింటికి కాల్ వచ్చి, వాళ్ళు చెప్పులేసుకుని సోఫాలో కూర్చుని ఉండగా ఈ గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. మధ్యాహ్నం రెండైంది. బుధవారం నేనే కారు మాట్లాడి, యాదగిరిగుట్టలో రూం బుక్ చేసి, ప్రశాంతంగా దర్శనం చేసుకుని రండి, రెండ్రోజులుండండి అని పంపాను. ఆ రెండ్రోజులు ఇల్లు ఖాళీగా కావాలి నాకు. మా ఆవిడ, నేను సెలవు పెట్టి వెంట వెళ్తానంది. అక్కర్లేదని నేనే అన్నాను.

వాళ్ళు ఒక్కరాత్రే ఉండి వచ్చేశారు. పక్కగదుల్లో సందడికి నిద్ర పట్టలేదన్నారు. ‘టోక్యో స్టోరీ’లో అతామి హోటల్లో జరిగేది కూడా అక్షరాలా ఇదే అని నాకప్పటికి తెలియదు. ఎనిమిదో రోజున, పొలం పనులున్నాయిరా అని నాన్నగారు టికెట్ తీయించుకున్నారు. మాకు పొలం లేదు. ఎప్పుడో అమ్మేశాం.

నాన్నగారు పోయి మూడేళ్ళు. అమ్మ తెనాల్లోనే ఒక్కతే ఉంటోంది, రమ్మంటే రాదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేది నేను కాదు, మా ఆవిడ. ఏం వండుకున్నారత్తయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా అని అరగంట. నేను ఆ వెనకాల చెయ్యి ఊపుతాను. బాగున్నాడు అని చెబుతుంది.

కానీ ఊళ్ళో కథ వేరేలా స్థిరపడింది. పదిహేను రోజులకని వెళ్ళినవాళ్ళు ఎనిమిదో రోజుకే తిరిగొచ్చారంటే కారణం ఏమై ఉంటుంది? ఉద్యోగం చేసే కోడలు. వండిపెట్టలేకపోయి ఉంటుంది, మొహం మాడ్చుకుని ఉంటుంది. ఎవరూ చూడలేదు, అమ్మ ఒక్క మాట అనలేదు. అయినా సీన్ మొత్తం అందరి కళ్ళ ముందూ ఉంది. ఎందుకుండదు, యాభై ఏళ్ళుగా అదే సీన్ చూస్తున్నాం కదా. నాన్నగారి కర్మలప్పుడు మా ఆవిడ మీద ఆ మాటలు పడ్డాయి. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. వడ్డన చూడ్డానికి లేచి వెళ్ళాను.

ఈ సినిమా నేను ఆ తర్వాతే చూశాను. డాక్టరు కొడుకు, షిగే కలిసి అమ్మానాన్నల్ని అతామి పంపితే మనకీ డబ్బు కలిసొస్తుంది, వాళ్ళకీ హాయి అని మాట్లాడుకునే సీను ఉంటుంది. మామూలు సీను, నేపథ్య సంగీతం కూడా ఉండదు. అక్కడ ఆపేసి కాసేపు ఈ గదిలోనే అటూ ఇటూ తిరిగాను. పక్కనున్న మా ఆవిడ ఏమైందంది. ఏం లేదన్నాను.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు పిన్నితో చెప్పేశాను. గుట్టకి పంపింది నేను పిన్నీ, తను వెంట వెళ్తానంటే వద్దంది కూడా నేనే అని. పిన్ని అరిసెలు డబ్బాలో సర్దుతోంది. తలెత్తి నన్ను చూసి నవ్వింది.

“పెళ్ళాన్ని వెనకేసుకురావడం మీ నాన్న దగ్గర నేర్చుకున్నావురా,” అంది.

వచ్చే వారం కురొసావా ‘ఇకిరు’ గురించి మాట్లాడుకుందాం. అందులో కూడా కత్తులుండవు. ఉంటానండి.